ఆఫీసు పచ్చికలో గొర్రెల మంద

పోయిన నెలలో ఒక ఆదివారం అంజమ్మక్క నన్ను తెల్లాపూర్ అవతల ఉన్న ఒక సేంద్రియ పాల డెయిరీకి లాక్కుపోయింది. ఆవిడకు డెబ్బై దాటాయి. మోకాళ్ళు రెండూ మొరాయిస్తున్నాయి. అయినా కారు ఆగీ ఆగకముందే చెప్పులు విడిచి చేలోకి నడిచిపోయింది. నేను చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ఆపసోపాలు పడుతూ వెనకాల పోయాను. మేమిద్దరం మణికొండలో ఒకే అపార్టుమెంటులో ఉంటాం. ఆవిడది రెండో అంతస్తు, మాది నాలుగో అంతస్తు. ఒకప్పుడు ఆ అపార్టుమెంటు స్థలమే ఆవిడ జొన్నచేను, ఆ చేను పక్కన ఆవిడ ఇంట్లో కిరాయికి ఉన్న కొత్త పెళ్ళికూతురిని నేను. ఇప్పుడు కార్లు నిలిపే చోట మేమిద్దరం కొడవళ్ళు పట్టుకుని మేత కోశాం అని చెబితే మా వాచ్‌మన్ నమ్మడు. నమ్మకపోతే పోనీ, చెప్పడం మాత్రం మేం మానలేదు.

డెయిరీ నడిపే అమ్మాయి పేరు శ్రావణి. గచ్చిబౌలిలో ఒక ఎత్తైన మేడలో ప్రోగ్రాములు రాసే ఉద్యోగం మానేసి ఆవుల దగ్గరికి వచ్చిన పిల్ల. మా అపార్టుమెంటుకు పాలు పోసేది తనే. అంజమ్మక్క రోజూ ఆ పాలు నాలిక మీద వేసుకుని చూసి, "ఇయ్యాల ఏం మేపినవు బిడ్డా?" అని ఫోను చేసి అడుగుతుంటే, విసుగెత్తో ముచ్చటపడో మమ్మల్ని రమ్మని పిలిచింది. చేను ముక్కలు ముక్కలుగా చేసి ఉంది. "ఇందులో జొన్న, పక్కన బొబ్బర్లు, ఆ పక్కన జనుము, అటు చివర లూసర్న్ గడ్డి" అని చేయి తిప్పి చూపించింది. "లూసర్న్ ఒక్కటే రెండు మూడేళ్ళు కదలదాంటీ. మిగతావన్నీ ఏటా ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు జరుగుతాయి. జొన్న నేలలో ఉన్న నత్రజనంతా తినేస్తుంది. బొబ్బర్లు, జనుము గాలిలోంచి లాగి మళ్ళీ నేలకు పెడతాయి. అందుకే మేం యూరియా కొనం." ఒక బొబ్బర మొక్క పీకి, వేళ్ళకున్న బుడిపెను గోటితో చీల్చి, లోపల గులాబీరంగు చూపించి, ఈ రంగుంటే అవి పని చేస్తున్నట్టు అంది. అంజమ్మక్క నోరు వెళ్ళబెట్టింది. "అయ్యో, గీ గడ్డలా! చీడ వట్టిందనుకున్న గదనే ఇన్నేండ్లు. మా అత్తయితే పీకి అవతల పడేయమంటుండె."

ఇంకా ఏమీ వేయని ఆఖరి ముక్కలో ఒక గొర్రెల మంద ఉంది. ఎండకు గొర్రెలన్నీ ఒకదాని పొట్ట కింద ఇంకోటి తల దూర్చి నిలబడ్డాయి. "ఫోన్లో చెబితే లారీలో తెచ్చి దించుతారాంటీ. రెండు రాత్రులు ఇక్కడే పడుకుంటాయి. వాటి పెంటికలు, మూత్రం, అంతా నేలకు బలం" అంది శ్రావణి. అంజమ్మక్క నా వైపు చూసింది. నేను ఆవిడ వైపు చూశాను. నవ్వుకు ముందు ఆవిడ భుజాలు కదిలాయి, తర్వాత నా పొట్ట. ఆవిడ గట్టు మీద కూలబడింది. నేను నిలబడలేక ఆవిడ భుజం పట్టుకున్నాను. కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే కొంగుతో తుడుచుకుని అంజమ్మక్క, "మందను లారీల తెచ్చినవా బిడ్డా? మేం ఆఫీసుల నుంచి తెచ్చినం" అంది. ఆ పిల్ల తెల్లబోయింది. అక్కడే గట్టు మీద కూర్చుని ఇద్దరం ఒకరి మాట ఒకరం లాక్కుంటూ చెప్పిన కథే ఇది. ఇక్కడ నేను ఒక్కదాన్నే చెబుతున్నాను కాబట్టి కాస్త సాఫీగా ఉంటుంది.

పెళ్ళయిన కొత్తలో మా వారి ఉద్యోగం కోసం తెనాలి దగ్గరి పల్లె నుంచి తిన్నగా వచ్చి మణికొండలో పడ్డాను. హైటెక్ సిటీ అంటే అప్పటికి అక్కడొకటి ఇక్కడొకటి అద్దాల మేడలు, మధ్యలో బండరాళ్ళు, సీతాఫలం పొదలు, గేదెలు. మా వారు పని చేసే మేడ అంజమ్మక్క చేనుకు ఆనుకునే ఉండేది. పొద్దున్నే ఆయన మెడలో గుర్తింపు కార్డు తగిలించుకుని, బూట్లు ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని, గట్టు మీద నడిచి వెళ్ళి, మేడ వెనక ఉన్న చిన్న గేటు దగ్గర కాళ్ళు దులుపుకుని బూట్లు తొడుక్కునేవారు. సాయంత్రం అదే తతంగం తిరగేసి. ఇంటికొచ్చాక ఆయన చొక్కాకు ఏసీ గదుల చల్లటి వాసన, పంట్లాం అంచుకు పేడ వాసన. ఆ రెండు వాసనలూ కలిస్తే మా కాపురం.

తెల్లవారకముందే కొట్టంలో చెంబులోకి పాలు పడే చప్పుడుకు మెలకువ వచ్చేది. ఆ తర్వాత పిడకల పొగ, జొన్నరొట్టె కాలే కమ్మటి వాసన, కుడితిలో తవుడు కలిపేటప్పుడు లేచే పుల్లటి వాసన. అంజమ్మక్క రొట్టెను చేత్తో చరుస్తూనే గేదెలతో మాట్లాడేది, గేదెలతో మాట్లాడుతూనే మొగుణ్ణి తిట్టేది, ఎవరిని ఏమందో నాకు అర్థమయ్యేది కాదు. మొగుడు మల్లయ్య బాబాయి మంచివాడు, పాల క్యాన్లు స్కూటర్‌కు కట్టుకుని మాదాపూర్ దాకా పోసి వచ్చేవాడు. ఆయనకు ఒక అలవాటు. ఏదైనా చేదు మాట చెప్పబోయే ముందు భుజం మీద తువ్వాలు తీసి దులిపి, రెండో భుజం మీద వేసుకునేవాడు. తువ్వాలు లేస్తే చాలు, అంజమ్మక్క "ఏంది, ఏమొచ్చింది ఇగ?" అని కసిరేది. నేను వచ్చిన మొదట్లో ఆవిడను "అంజమ్మగారండీ" అని పిలిచేదాన్ని. "గారు లేదు గీరు లేదు, నేనేమన్న తాసిల్దారునా? అక్కా అని పిలువు" అంది. ఇప్పటిదాకా అక్కే, ఆయన మాత్రం ఎందుకో బాబాయే.

ఆ ఏడు అంజమ్మక్కకు పట్టుకున్న బెంగల్లా ఒక్కటే, కొట్టంలో ఉన్న అయిదు గేదెలు ఉంటాయా పోతాయా అని. పూర్వం వాళ్ళకు మూడు చోట్ల చేలుండేవట. ఒకచోట జొన్న వేస్తే మరుసటేడు అక్కడ ఉలవలు, ఆపై ఏడు కంది, అలా తిప్పుతూ వచ్చేవారు. రోడ్లు పడి, మేడలు లేచి, అన్నదమ్ముల వాటాలు పోయి, చివరికి ఇంటి వెనక ఈ రెండెకరాల ఎర్రచెలక మిగిలింది. గేదెలకు మేత కావాలి కదా, అందులోనే జొన్న మీద జొన్న వేసింది. మూడో ఏటికి చొప్ప నడుమెత్తు కూడా లేవలేదు. ఆకులు కామెర్లు వచ్చినట్టు పసుపుపచ్చ. పాలు తగ్గిపోయాయి. మల్లయ్య బాబాయి యూరియా చల్లుదామన్నాడు. ఆ మాట ఎత్తితే అంజమ్మక్క ఇల్లు పీకి పందిరి వేసేది, ఎందుకంటే అంతకుముందు ఒకసారి కొట్టంలో పెట్టిన యూరియా సంచిని నాకి ఒక దూడ ఆవిడ ఒళ్ళోనే ప్రాణం వదిలింది. "గా సంచి నా వాకిట్లకు రాదు. వస్తే నేను ఉండ" అంది.

బాబాయి తువ్వాలు తీసి దులిపాడు. "బోనాల దాక చూస్త. గప్పటికి మేత రాకుంటే ఐదింటికి ఐదు యాదగిరికి అప్పజెప్త. మల్ల నన్ను అనకు."

"వస్తది. రాకుంటే నేనే తోల్కపోయి ఇస్త" అంది అంజమ్మక్క. అన్నదే గాని ఆ రోజంతా అన్నం ముట్టలేదు.

యాదగిరి గేదెల బేరగాడు. అప్పుడప్పుడూ ఊరికే చూసిపోవడానికి వచ్చినట్టు వచ్చి, గేదెల మూతులు తెరిచి పళ్ళు చూసి, వీపు నిమిరి, పేరు పెట్టి పిలిచి పోయేవాడు. "ఏం రాణీ, మంచిగున్నవా?" అని అన్నిటికంటే పెద్ద గేదెను పలకరిస్తే అది ముక్కుతో బుసకొట్టేది. అంజమ్మక్క కూడా.

ఇక్కడ నా తెలివి నేను చూపించాను. మా వైపు వరి కోతకు ముందే చేలో పిల్లిపెసర చల్లుతారు. వరి కోసేసరికి అది మొలిచి ఉంటుంది, పశువులు ఒకసారి మేశాక మిగిలింది దున్నేస్తే నేలకు బలం. నా మాట విని అంజమ్మక్క చెలకను రెండుగా చేసి, ఒక సగంలో ఉలవలు చల్లి, రెండో సగం నాకు వదిలింది. మా అమ్మ చేత పిల్లిపెసర విత్తనాలు పంపించుకుని, కొంగు నడుముకు బిగించి, మా నాన్న చల్లినట్టే దర్జాగా చల్లాను. మా నల్లరేగడిలో తేమ నెలల తరబడి నిలుస్తుంది. ఇక్కడి ఎర్రమట్టికి ఆ ఓపిక లేదు. ఉలవలు చక్కగా పాకాయి. నా సగంలో పిచ్చుకలు దిగాయి. రోజూ పొద్దున వాటిని చూసి అంజమ్మక్క, "మీ ఆంధ్ర పంట మస్తు మొలిచింది చెల్లే, రెక్కలు గూడ వచ్చినయి" అనేది. నవ్వుతూనే అనేది, కానీ సగం చేను ఆకలితో ఉండిపోయిందని మా ఇద్దరికీ తెలుసు. ఉలవలు మేపి దున్నిన సగం ఒక్కటీ ఆ గేదెలకు చాలదు.

మిగిలిన ఆశ గొర్రెల మంద. కోతలయ్యాక పాలమూరు వైపు నుంచి మందలు పైకి వచ్చేవి. ఏ చేలో మంద పడుకుంటే ఆ చేనుకు ఎరువు. దానికొక పద్ధతి ఉండేది. కాపరులకు ఆ పూట ఎవరు వండిపెడితే, ఆ పూట గొర్రెలు వేసిన పెంటికలన్నీ వాళ్ళవే. అందుకని మంద వస్తోందంటే ఊళ్ళో పొయ్యిలన్నీ రాజుకునేవి. పెద్దకాపరి పేరు బీరయ్య. తెల్లటి గుబురు మీసాలు, భుజాన గొంగడి, ఎండాకాలమైనా సరే. ఆయనకు అంజమ్మక్క చేతి కోడికూర అంటే ప్రాణమట. కానీ ఆ ఏడు ఆయన వచ్చి వాకిట్లో కూర్చుని తల అడ్డంగా ఊపాడు. "ఎట్ల రావాలె అక్కా? పాతబాట మీద గోడ కట్టిండ్రు. పెద్దరోడ్డు మీంచి వస్తె బస్సులకు నా గొర్లు ఆగం గావా?" పాతబాట సరిగ్గా మా వారి ఆఫీసు కడుపులో నుంచి పోయేది. ముందు గేటులో దూరి, వెనక చిన్న గేటులో బయటపడితే అంజమ్మక్క చేను. అంతే దూరం. అంజమ్మక్క నా వైపు తిరిగింది. నేను మా వారి వైపు తిరిగాను. ఆయన గోడ వైపు తిరిగారు.

మా వారు పరమ మొహమాటస్తుడు. హోటల్లో రెండో గ్లాసు మంచినీళ్ళు అడగడానికి కూడా సందేహించే మనిషి. అలాంటి మనిషి వెళ్ళి ఆఫీసు భద్రత చూసే మేజరు గారిని అడిగారు. సైన్యంలో చేసి వచ్చిన ఆ పెద్దాయనది మా గుంటూరే. మాట కటువు, మనసు మెత్తన. "గొర్రెలా? భోజనాల టైములో తిన్నగా వెనక గేటుకు తీసుకుపొమ్మనండి, ఎవరి కంటా పడకుండా" అన్నారట. ఎన్ని గొర్రెలని ఆయన అడగలేదు. అడగని ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు మా వారికి లేదు.

ఆ ఉదయం మా వంటింట్లోనూ అంజమ్మక్క వాకిట్లోనూ పొయ్యిలు వెలిగాయి. నాలుగు కోళ్ళు, కుండెడు అన్నం, గంపెడు జొన్నరొట్టెలు. ఎండుకొబ్బరి, గసాలు నూరిన వాసనకు వీధిలో పోయేవాళ్ళు ఆగి ఎవరింట్లో పెళ్ళి అని అడిగారు. కాపరులు కడుపునిండా తిని, చేయి కడుక్కుని, మందను లేపారు. మూడు నాలుగు వందల గొర్రెలు. ముందు గేటు దగ్గర కాపలా కుర్రాడు సెల్యూట్ కోసం ఎత్తిన చెయ్యి అలాగే ఉంచేశాడు. అతని రెండు కాళ్ళ పక్కనుంచీ మంద వరదలా లోపలికి పోయింది. నేను, అంజమ్మక్క వెనక గేటు బయట చేలో నిలబడి ఎదురుచూస్తున్నాం. గంటలు వినిపిస్తున్నాయి, బీరయ్య అదిలింపు వినిపిస్తోంది, గొర్రెలు మాత్రం రావు. ఎంతసేపటికీ రావు.

సంగతేమిటంటే ఆ మేడ ముందు కంపెనీవాళ్ళు ఎక్కడినుంచో తెప్పించి పరిచిన పచ్చిక ఉంది. ఎండాకాలంలో మణికొండ మొత్తానికి అదొక్కటే పచ్చగా ఉండేది. దాని మీద నీళ్ళు చిమ్మే గొట్టాలు గిర్రున తిరుగుతున్నాయి, పక్కనే మేడ నీడ. గొర్రెలు ఒక్కసారి దాన్ని చూశాయి. ముందుది ఆగింది, వెనకవన్నీ ఆగాయి, కాసేపు మేశాయి, ఆ తర్వాత అన్నీ హాయిగా కూర్చుని నెమరువేయడం మొదలుపెట్టాయి. మేము లోపలికి వెళ్ళేసరికి మేజరు గారు మెట్ల మీద నిలబడి ఉన్నారు. ఆయన మొహం మందారంలా ఉంది.

"ఏవండీ, ఇవేనా మీరన్న నాలుగు గొర్రెలు?"

"నేను నాలుగని అనలేదండీ" అన్నారు మా వారు నేల చూపులు చూస్తూ. "గొర్రెలు అన్నాను."

"లేపండి, తక్షణం లేపండి!"

బీరయ్య గొంగడి సర్దుకుని తాపీగా చెప్పాడు. "మిట్టమధ్యాహ్నం గొర్లు కూసున్నయంటే పొద్దు వాలెదాక లెవ్వయి సారు. కొట్టినా లెవ్వయి. మీరు గూడ జర కూసోండ్రి."

అప్పటికే అద్దాల వెనక మొహాలు నిండిపోయాయి. భోజనాల నుంచి వస్తున్నవాళ్ళు వచ్చినట్టే పచ్చిక చుట్టూ నిలబడ్డారు. ఆ రోజే విదేశం నుంచి ఎవరో అతిథులు వచ్చారు. వాళ్ళు దిగివచ్చి, గొర్రెపిల్లలను ఎత్తుకుని ఫోటోలు దిగారు. లోపల జరగాల్సిన మీటింగు లోపలే ఉండిపోయింది. ఇంత సందడిలో అంజమ్మక్క ఒక్కతే నేల వైపు చూస్తోంది. మొహంలో రంగు పోయింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "చెల్లే, నా ఎరువు మొత్తం ఈన్నే పడుతున్నది" అంది. అప్పటికి గాని నాకు తట్టలేదు. కోళ్ళు కోసింది తను, వండింది తను, చేను ఎదురుచూస్తున్నది తనది. ఎరువు మాత్రం కంపెనీది అవుతోంది.

పొద్దు వాలి గొర్రెలు లేవడం మొదలుపెట్టగానే మేజరు గారు పచ్చిక చూసి తల పట్టుకున్నారు. "ఇదంతా ఎవరు శుభ్రం చేస్తారండీ?" అని ఆయన అంటుండగానే అంజమ్మక్క గంప తీసుకుని లోపలికి దూకింది. "శుభ్రం జేసుడు కాదు సారూ, నా పెంట నేను తీస్కపోతున్న. అన్నం నేను వెట్టిన. గిది నాది. ఒక్క పెంటిక గూడ ఇడువ." అని వంగి, చేత్తో ఏరి గంపలో వేసుకోవడం మొదలెట్టింది. ఒక్క గంప. అంత పెద్ద పచ్చిక. చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు మా వారు, రెండో గ్లాసు నీళ్ళు అడగని మనిషి, టై తీసి జేబులో పెట్టుకుని, కంప్యూటర్లు వచ్చిన అట్టపెట్టె ఒకటి తెచ్చి, పచ్చిక మీద మోకాళ్ళ మీద కూర్చుని ఏరడం మొదలుపెట్టారు. ఆయన పక్కన ఇంకో కుర్రాడు కూర్చున్నాడు. ఆ తర్వాత ఒక అమ్మాయి. ఆ తర్వాత లెక్కలేదు. చీపుళ్ళు వచ్చాయి, అట్టముక్కలు వచ్చాయి, ప్రింటరు పెట్టెలు, కాగితాల పెట్టెలు వచ్చాయి. ఎవరి పెట్టె ముందు నిండుతుందని పందాలు కూడా కాసుకున్నారు. మేజరు గారు కాసేపు అరిచి, చివరికి "ఆ మూల వదిలేశారు చూడండి" అని వేలు చూపించారు. వెనక గేటులోంచి గట్టు మీదుగా చేలోకి అట్టపెట్టెల వరుస కదిలిపోయింది. నేను మా వారిని ప్రేమించడం ఆ సాయంత్రమే మొదలుపెట్టాను. పెళ్ళి అంతకుముందే అయిపోయింది, అది వేరే సంగతి.

పోతూ పోతూ అంజమ్మక్క మేజరు గారికి దండం పెట్టింది. "ఉచ్చ మాత్రం మీకే ఇడిసిపెడుతున్న సారూ. బలం సగం దాంట్లనే ఉంటది. ఏం జేస్త, గడ్డి తవ్వుకపోలేను గద." నిజంగానే ఆ తర్వాత కొన్నాళ్ళకు మంద కూర్చున్న మేర పచ్చిక నల్లగా నిగనిగలాడుతూ లేచింది. తోటపని చూసే కాంట్రాక్టరును పిలిచి మెచ్చుకున్నారని మా వారు చెప్పారు.

మంద చేలోకి వెళ్ళాక బీరయ్య రెండు రాత్రులు నా సగంలోనే పడుకోబెట్టాడు. మందను లేపిన పొద్దుటే నాగలి కట్టాలని అంజమ్మక్క పట్టు. "ఎండ తగిలితె బలమంత ఆవిరైతది" అని బాబాయిని నిలబడి టీ కూడా తాగనివ్వలేదు. ఇదే మాట శ్రావణి వేరే పేర్లతో చెప్పింది. పెంటికలను వెంటనే మట్టిలో కలపకపోతే నత్రజని గాలిలో కలిసిపోతుందట. అప్పుడు గొప్పా ఇప్పుడు గొప్పా అని నన్నెవరైనా అడిగితే చెప్పడం కష్టం. శ్రావణి దూడలు ఏ సంచీ నాకి చచ్చిపోవు, తన నడుము మా నడుముల్లా విరిగిపోలేదు. పంటలు తిప్పుకోవడానికి తనకు అన్ని ముక్కల నేల ఉంది, అంజమ్మక్కకు ఉన్నది ఒక్క ముక్క. పంట మార్చాలన్నా ముందు నేల ఉండాలి కదా. కానీ శ్రావణి మందకు ఫోను చాలు, ఎవరి గేటూ దాటక్కర్లేదు, ఎవరికీ వండక్కర్లేదు. మాకు మంద రావాలంటే కోడికూర కావాలి, మేజరు గారి దయ కావాలి, ఒక మొహమాటస్తుడి ధైర్యం కావాలి. అంతమంది చేతులు పడిన చేను అది. నాకు అదే గొప్పగా అనిపిస్తుంది, అనిపించడంలో నా వయసు పాత్ర ఎంతో నాకు తెలియదు.

ఆ ఏడు తొలకరి ముందే పడింది. రెండెకరాల్లోనూ అంజమ్మక్క జొన్న వేసి, సాళ్ళ మధ్య బొబ్బర్లు కలిపింది. జొన్న లేచింది చూడండి, పొద్దున చూసిన చేను సాయంత్రానికి గుర్తుపట్టలేకపోయేవాళ్ళం. నా సగం, తన సగం తేడా తెలియలేదు. అయితే లేతజొన్నలో విషం ఉంటుంది, నాము అంటారు. పశువు తిందంటే నిలుచున్నచోటే కూలిపోతుంది. వెన్ను తీసి పూత పడేదాకా ఆగాలి. కళ్ళముందు పచ్చటి చేను, కొట్టంలో ఎండుగడ్డి నములుతూ డొక్కలు ఎగరేస్తున్న గేదెలు. బోనాలు దగ్గరపడుతున్నాయి. బాబాయి తువ్వాలు రోజుకు పదిసార్లు భుజం మారుతోంది. "కోసెయ్యే, ఏం గాదు" అంటాడాయన. "ఒక్క దూడను సంపుకున్న. సాలు" అంటుంది ఆవిడ. పొద్దునా సాయంత్రం చేలోకి వెళ్ళి వెన్నులు తడిమి చూసి వచ్చేది. నాకు నిద్రలో కూడా జొన్నవెన్నులే.

బోనాలు అయిన మర్నాడు పొద్దున్నే యాదగిరి వచ్చాడు. భుజాన అయిదు పలుపుతాళ్ళు కొత్తవి, చుట్టలు చుట్టినవి. బాబాయి మంచం వాల్చి టీ ఇచ్చాడు. అప్పటికే నేనూ అంజమ్మక్కా కొడవళ్ళతో చేలో ఉన్నాం. ముందురోజే పూత పుప్పొడి రాల్చింది. చేను మా తలల మీద ఇంకో మనిషెత్తు ఉంది.

"ఓ అంజమ్మా! ఏడున్నవు?" గట్టు మీద నిలబడి కేక వేశాడు యాదగిరి.

"ఈన్నే" అంది అంజమ్మక్క కోస్తూనే.

"బయటికి రా. మాట అయిపోనీ."

"నువ్వే లోపలికి రా."

వచ్చాడు. ఆకులు గలగలలాడాయి. కాసేపటికి ఆ గలగల మాకు కుడివైపు నుంచి వినిపించింది, ఇంకాసేపటికి వెనకవైపు నుంచి. "ఏడ?" అంటాడు. "ఈడ" అంటుంది ఆవిడ. మాకు నవ్వు ఆగడం లేదు, నోట్లో కొంగు కుక్కుకుంటున్నాం. ఇంతలో పైనుంచి అరుపులు. అద్దాల మేడ మెట్ల కిటికీల దగ్గర మా వారూ ఆయన నేస్తాలూ గుంపుగా చేరి చేతులు ఊపుతున్నారు. "ఎడమ వైపు! కాదు కాదు, ఇంకా ఎడమకి!" మెడలో కార్డులు ఊగుతున్నాయి. వాళ్ళ మధ్య మేజరు గారు కూడా ఉన్నారు, ఆయన అందరికంటే గట్టిగా అరుస్తున్నారు.

వాళ్ళు యాదగిరిని ఆ చివరికీ ఈ చివరికీ తిప్పుతుండగానే మేము రెండు మోపులు ఎత్తుకుని కొట్టంలోకి చేరాం. అతను బయటపడేసరికి అయిదు గేదెలూ తలలు వంచి మేస్తున్నాయి. పచ్చిజొన్న నములుతుంటే కరకరమనే ఆ చప్పుడు కొట్టమంతా నిండిపోయింది. నెత్తిమీద పుప్పొడితో, మెడ గీరుకుంటూ యాదగిరి గుమ్మంలో నిలబడిపోయాడు. రాణి తలెత్తి కూడా చూడలేదు. బాబాయి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, తుడుచుకుంటూనే ఉన్నాడు.

"అక్కా" అన్నాడు యాదగిరి చివరికి. అంతకుముందెప్పుడూ ఆవిడను అలా పిలవలేదు. "గా మంద మల్లెప్పుడొస్తది? నాకు గూడ ఎకరం చెలక ఉన్నది, ఏమీ పండుత లేదు."

"ముందు పోయి కోడికూర నేర్చుకో" అంది అంజమ్మక్క.

ఆ రోజు యాదగిరి అన్నం తిని, మజ్జిగ తాగి, బీరయ్య ఊరు ఎటువైపో రెండుసార్లు అడిగి తెలుసుకుని పోయాడు. తెచ్చిన అయిదు తాళ్ళూ కొట్టంలోనే మరిచిపోయాడు. మర్నాటి మేత మోపులు మేము వాటితోనే కట్టాం.